పొలం గట్టు మీద డ్రోన్ ఆపితే: ఏ కాగితం చూపాలి, ఏ కాగితం అడిగి తీసుకోవాలి

ప్రశ్న: మాది కోనసీమలో పి.గన్నవరం దగ్గర పల్లె. వరి చేలకు డ్రోన్‌తో మందు కొట్టే పని చేస్తున్నాను. డ్రోన్ మా ఆవిడ ఉన్న పొదుపు సంఘం పేరు మీద ఉంది. శిక్షణ తీసుకున్న సర్టిఫికెట్ నా దగ్గరుంది. మొన్న పొరుగు మండలంలో ఎగరేస్తుంటే పక్కనున్న రొయ్యల చెరువు రైతు ఫోన్ చేశాడట, పోలీసులు వచ్చి పర్మిషన్ ఏదని అడిగారు. ఫోన్‌లో చూపిద్దామంటే సిగ్నల్ లేదు. డ్రోన్, రిమోట్, బ్యాటరీలు అన్నీ స్టేషన్‌కు పట్టుకెళ్లారు. రాత్రి సర్పంచ్ గారు మాట్లాడితే ఇచ్చేశారు గానీ ఎక్కడా ఏమీ రాయలేదు. పోలీసుల అనుమతి లేకుండా ఎగరేయకూడదా? ఏయే కాగితాలు దగ్గర పెట్టుకోవాలి? మళ్లీ పట్టుకెళ్తే ఏం చేయాలి? మా బావమరిది పెళ్లిళ్లకు చిన్న డ్రోన్‌తో వీడియోలు తీస్తాడు. అతనికీ ఇవే వర్తిస్తాయా?

జవాబు: మీ చేను గ్రీన్ జోన్‌లో (ప్రభుత్వ డ్రోన్ మ్యాప్‌లో పచ్చగా చూపే చోట) ఉంటే, 400 అడుగుల ఎత్తు దాటనంత వరకు ఎగరేయడానికి పోలీసుల అనుమతి అక్కర్లేదు. 2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ నియమాలు చెప్పే మాట ఇది. మీరు మందు కొట్టేది పైరు మీద రెండు మూడు మీటర్ల ఎత్తులో. అంటే ఎత్తు గురించి మీకు పేచీయే లేదు. కానీ అనుమతి అక్కర్లేదన్నంత మాత్రాన కాగితాలు అక్కర్లేదని కాదు. అధికారి అడిగినప్పుడు డ్రోన్‌కు నమోదు ఉందని, ఎగరేసే మనిషికి అర్హత ఉందని, ఆ చోటు నిషేధంలో లేదని చూపాల్సింది మీరే.

మీ ఉత్తరంలో రెండు చోట్ల చిక్కు కనిపిస్తోంది. మీ దగ్గరున్నది 'శిక్షణ తీసుకున్న సర్టిఫికెట్' అన్నారు. అది శిక్షణ సంస్థ ఇచ్చిన కాగితమా, డీజీసీఏ (కేంద్ర పౌర విమానయాన డైరెక్టరేట్) పోర్టల్ నుంచి వచ్చే రిమోట్ పైలట్ సర్టిఫికెట్టా? ఈ రెండూ వేరు. సంస్థలో కోర్సు పూర్తయ్యాక వాళ్లు మీ వివరాలు పంపితే ఆన్‌లైన్‌లో మీ పేరిట రిమోట్ పైలట్ సర్టిఫికెట్ వస్తుంది. దానికి నంబరు, మీ ఫొటో, మీరు ఎగరేయగల డ్రోన్ తరగతి, గడువు తేదీ ఉంటాయి. గడువు 10 ఏళ్లు. చాలామంది పైలట్లు శిక్షణ సంస్థ ఇచ్చిన రంగుల సర్టిఫికెట్‌నే లామినేషన్ చేయించి సంచిలో పెట్టుకుంటారు, అసలుది ఈమెయిల్‌లోనే ఉండిపోతుంది. గట్టు మీద పనికొచ్చేది ఆ రెండోదే. ఇవాళే తీసి చూడండి. తరగతి దగ్గర 'స్మాల్' అని, 'రోటర్‌క్రాఫ్ట్' అని ఉండాలి. 10 లీటర్ల ట్యాంకు స్ప్రే డ్రోన్లను ట్యాంకు నిండా మందుతో కలిపి 25 కిలోలు దాటకుండా తయారుచేస్తారు, 2 కిలోల పైన 25 కిలోల వరకు స్మాల్ తరగతి. మీ సర్టిఫికెట్ మైక్రో తరగతికే అయితే ఈ డ్రోన్‌కు అది చెల్లదు.

రెండో చిక్కు, డ్రోన్ సంఘం పేరు మీద, పైలట్ మీరు. ఇది తప్పేమీ కాదు. కానీ ఆ రెండు పేర్లనూ కలిపే కాగితం మీ దగ్గర లేదు. ఎస్సై గారి కళ్లతో చూడండి: మనిషి పేరు ఒకటి, డ్రోన్ పేపర్ల మీద ఆడవాళ్ల సంఘం పేరు మరొకటి, పక్కనే ఫిర్యాదు చేసిన రైతు. దొంగ సొత్తేమోనన్న అనుమానం రావడానికి అంతకన్నా ఏం కావాలి? సంఘం లెటర్‌హెడ్ మీద అధ్యక్షురాలు, కార్యదర్శి సంతకాలతో, సంఘం ముద్రతో ఒక అధికార పత్రం రాయించుకోండి. అందులో డ్రోన్ యూఐఎన్ (ప్రభుత్వ నమోదు) నంబరు, మీ రిమోట్ పైలట్ సర్టిఫికెట్ నంబరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు మీకు అప్పగించారో ఉండాలి. పంటకాలానికి ఒకసారి కొత్తది రాయించుకుంటే చాలు.

తనిఖీలో జనం ఇరుక్కునేది కాగితం లేక కన్నా కాగితాలు ఒకదానితో ఒకటి కలవకే ఎక్కువ. అందుకని సంచి సర్దుకునేటప్పుడు ఏవి ఉన్నాయన్నది చూసి ఊరుకోకుండా, ఒక దాన్లో నంబరు ఇంకో దాన్లో నంబరుతో సరిపోతోందా అని వేలు పెట్టి చదవండి.

యూఐఎన్ అంటే బండికి ఆర్సీ లాంటిది. అది డ్రోన్ బాడీ మీద నంబరుకే కాదు, లోపలి ఫ్లైట్ కంట్రోలర్ సీరియల్ నంబరుకూ, చేతిలోని రిమోట్ సీరియల్ నంబరుకూ ముడిపడి ఉంటుంది. మన డెల్టాలో సముద్రం పక్క ఉప్పు గాలికీ, పొద్దుటి మంచు తేమకూ కనెక్టర్లు పచ్చబారి, ఫ్లైట్ కంట్రోలర్ బోర్డు పోవడం మామూలే. రిపేరు షాపులో కొత్త బోర్డు వేయించుకుని మర్నాడే చేలోకి దిగుతారు. అప్పటి నుంచి యూఐఎన్ కాగితంలో ఉన్న నంబరు వేరు, డ్రోన్‌లో ఉన్నది వేరు. బోర్డు గానీ రిమోట్ గానీ మార్చాక, మళ్లీ ఎగరేసే ముందే ఆన్‌లైన్ నమోదులో ఆ మార్పు ఎక్కించాలి. మార్చినవాళ్ల దగ్గర పాత సీరియల్, కొత్త సీరియల్ రెండూ రాసిన బిల్లు తీసుకుని ఫైలులో పెట్టండి. సంఘం డ్రోన్ కాబట్టి ఈ నమోదు మార్పు సంఘం లాగిన్ నుంచే జరగాలి. ఆ పాస్‌వర్డు ఎవరి దగ్గరుందో ఇప్పుడే కనుక్కోండి. డ్రోన్ అమ్మిన డీలరు తన ఫోన్ నంబరుతోనే ఖాతా తెరిచి ఉంటే, దాన్ని సంఘం నంబరుకు మార్పించుకోండి.

బీమా కూడా అంతే. నానో (250 గ్రాముల లోపు) తరగతికి మించిన ప్రతి డ్రోన్‌కూ థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. కొనేటప్పుడు ఏడాదికి కట్టింది ఆ తర్వాత ఎవరూ రెన్యూవల్ చేయరు. పాలసీ మీద ఉన్న సీరియల్ నంబరు, యూఐఎన్ మీదున్నది ఒకటేనా, వాడకం దగ్గర వ్యవసాయ పిచికారీ అని ఉందా చూసుకోండి. డ్రోన్ మోడల్‌కు తయారీదారు తెచ్చుకున్న టైప్ సర్టిఫికెట్ (ఆ మోడల్ ప్రమాణాలకు సరిపోతుందన్న పత్రం) నకలు డీలరు ఇస్తాడు. డబ్బా మీద మోడల్ పేరు చివర ఉన్న అక్షరం, అంకె కూడా అందులో ఉన్నట్టే ఉండాలి. ఇవి కాక కొన్న బిల్లు, మీ ఆధార్ లేదా ఓటరు కార్డు జతచేయండి.

వీటిని రెండు సెట్లు జిరాక్స్ తీయించండి. ఒకటి జిప్ ఉన్న ప్లాస్టిక్ కవరులో డ్రోన్ పెట్టెలో, ఇంకోటి ఇంట్లో. చేతికిచ్చిన సెట్ తిరిగి రాకపోయినా మీకు నష్టం ఉండకూడదు. ఫోన్‌లో పీడీఎఫ్‌లు డౌన్‌లోడ్ చేసి ఉంచండి, ఈమెయిల్‌లో వెతుక్కునేలా వద్దు. లంకల్లో, సముద్రం వైపు ఊళ్లలో సిగ్నల్‌ను నమ్ముకోలేం. ఫోన్ చూపాల్సి వస్తే మీరే తెరిచి మీ చేతుల్లోనే పట్టుకుని చూపండి. అన్‌లాక్ చేసిన ఫోను చేతికిచ్చేయక్కర్లేదు.

ఇక చోటు సంగతి. ఎగరేసే ముందు డిజిటల్ స్కై మ్యాప్ (ఎక్కడ ఎగరేయవచ్చో రంగులతో చూపే ప్రభుత్వ ఆన్‌లైన్ మ్యాప్) చూడడం పైలట్ బాధ్యత అని నియమాల్లోనే ఉంది. ఆ పొద్దున చేను ఉన్న చోట వేలు పెట్టి, రంగు, తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసుకోండి. నిన్నటిది పనికిరాదు, ఎందుకంటే రంగులు మారతాయి. జిల్లా ఎస్పీ స్థాయికి తగ్గని అధికారి ఏదైనా ప్రాంతాన్ని ఒక్కో విడతకు 96 గంటలు మించకుండా తాత్కాలిక రెడ్ జోన్‌గా, అంటే ఎగరేయకూడని చోటుగా ప్రకటించవచ్చు. ముఖ్యమంత్రి పర్యటన, తీర్థం, ఎన్నికల సభ ఏదైనా కారణం కావచ్చు. మీరు రాజోలు నుంచి వశిష్ఠ దాటి నరసాపురం వైపు పనికి వెళ్తే జిల్లా మారుతుంది, ఎస్పీ మారతారు. గౌతమి దాటి యానాం వైపు వెళ్తే ఏకంగా పుదుచ్చేరి పాలనలోకి వెళ్తారు. ఇక్కడ ఆంక్ష లేదని అక్కడా లేదనుకోవద్దు.

విమానాశ్రయం విషయంలో కోనసీమ వాళ్లకు పెద్దగా బెంగ లేదు గానీ, మీరు రాజమహేంద్రవరం దాటి పనులు ఒప్పుకుంటే మధురపూడి విమానాశ్రయాన్ని మరిచిపోకండి. దూరం కొలవాల్సింది రన్‌వే మధ్య నుంచి కాదు, ప్రహరీ నుంచి. 5 నుంచి 8 కిలోమీటర్ల మధ్య నేల మీద నుంచే ఎల్లో జోన్, పైరు మీద రెండు మీటర్లు లేచినా ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ అనుమతి కావాలి. 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగుల వరకు గ్రీనే, ఆ పైన ఎల్లో. 5 కిలోమీటర్ల లోపలి పని ఒప్పుకోనే వద్దు. బూరుగుపూడి, గాడాల, కోరుకొండ వైపు రైతులు పిలిస్తే మ్యాప్ చూసి గానీ అడ్వాన్సు తీసుకోకండి.

మన దగ్గర విమానాశ్రయం కన్నా ఎక్కువ తగిలేది గ్యాస్. ఓడలరేవు టెర్మినల్, తాటిపాక రిఫైనరీ, చేల మధ్య బావులు, కింద పైపులైన్లు. 1995లో పాశర్లపూడి బ్లో అవుట్, 2014 జూన్ 27న నగరం పైపులైన్ పేలుడు చూసిన ప్రాంతం ఇది. అలాంటి చోట ఏదైనా ఎగురుతోందని ఫోన్ వస్తే పోలీసులు పరుగున రాకుండా ఎలా ఉంటారు? వాళ్ల కంగారును అర్థం చేసుకోండి. కంచె పక్క చేనైతే మ్యాప్ గ్రీన్ చూపినా ముందు రోజే అక్కడి సెక్యూరిటీ గేటు దగ్గర పేరు, ఫోన్ నంబరు, సమయం చెప్పి రండి. ముందుగా చెప్పి వస్తే సగం ఫిర్యాదులు పుట్టవు.

మీకు వచ్చిన ఫిర్యాదు మాత్రం అసలు డ్రోన్ గురించి కాదు, మందు గురించి. సైపర్‌మెత్రిన్, లాంబ్డా సైహలోత్రిన్ వంటి సింథటిక్ పైరిథ్రాయిడ్లు అతి తక్కువ మోతాదులోనే రొయ్యను చంపుతాయి. చెరువు రైతు భయం నిజమైన భయం. లక్షలు పెట్టుబడి పెట్టిన చెరువు పక్కన గాల్లో మందు కొడుతుంటే ఎవరైనా 112కి ఫోన్ చేస్తారు. గాలి చెరువు వైపు వీస్తుంటే ఆ చేను ఆ పూట మానేయండి, రైతు ఎంత బతిమాలినా సరే. తెల్లారగట్ల మొదలుపెట్టి, సముద్రపు గాలి పుంజుకునే లోపు ముగించండి. చెరువు గట్టు వెంబడి చివరి వరసలు డ్రోన్‌తో కాకుండా చేతి పంపుతో కొట్టించండి. ముందు రోజు చెరువు రైతుకూ, పంచాయతీకీ, రైతు సేవా కేంద్రంలోని వ్యవసాయ సహాయకుడికీ వాట్సాప్‌లో మెసేజ్ పెట్టండి: ఏ సర్వే నంబరు, ఏ మందు, ఎన్ని గంటలకు. ఆ మెసేజే రేపు మీకు సాక్ష్యం.

ఒక నోటు పుస్తకం కూడా పెట్టండి. చేను వారీగా రైతు పేరు, సర్వే నంబరు, మందు పేరు, బ్యాచ్ నంబరు, ఎకరాకు ఎన్ని మిల్లీలీటర్లు, ఎన్ని లీటర్ల నీళ్లు, మొదలైన సమయం, ముగిసిన సమయం, గాలి ఎటు నుంచి ఎంత వేగంతో వీచిందీ రాసి రైతు సంతకం పెట్టించండి. కౌలు రైతయితే ఆ మాట రాయండి, భూయజమాని పేరు కూడా చేర్చండి. గాలి వేగం కొలిచే చిన్న మీటరు మార్కెట్లో దొరుకుతుంది, కొనండి. డ్రోన్ యాప్‌లో ఫ్లైట్ లాగ్ ఉంటుంది, ఎక్కడ ఏ ఎత్తులో తిరిగిందో గీతలతో సహా. చెరువు మీదుగా పోనిచ్చారన్న మాటకు దానికి మించిన జవాబు లేదు. వారానికోసారి దాన్ని దించి దాచండి. ఒక జాగ్రత్త: చాలా లాగులు అంతర్జాతీయ సమయంలో రాసుకుంటాయి. పొద్దున 7 గంటలకు కొట్టింది అందులో 1.30 అని పడుతుంది. స్టేషన్‌లో చూపేటప్పుడు ఐదున్నర గంటలు కలపాలని ముందే చెప్పండి, లేకపోతే అర్ధరాత్రి ఎగరేశావా అన్న కొత్త ప్రశ్న పుడుతుంది.

జీపు గట్టు దగ్గర ఆగినప్పుడు మొదటి పని దించడం. ఎగురుతున్నది ఎగురుతుండగా జవాబు చెప్పకండి. 'దించుతున్నాను సార్, రెక్కలు ఆగేదాకా దగ్గరకు రావద్దు' అని చెప్పి, దించి, మోటార్లు ఆపి, బ్యాటరీ తీసి, అప్పుడు కవరు అందించండి. బ్యాటరీ పెట్టి ఉండగా ఎవరైనా రిమోట్ పట్టుకుని చూస్తే పొరపాటున మోటార్లు తిరగొచ్చు. కార్బన్ రెక్క వేళ్లను తెగ్గోస్తుంది. 'ఎగరేసి చూపించు' అన్నా జనం మధ్యలో ఎగరేయకండి, మర్యాదగా చెప్పండి. మందు ట్యాంకు ముట్టుకోవద్దని కూడా చెప్పండి.

కవరులో కాగితాలు వరసగా ఉండాలి. పైన రిమోట్ పైలట్ సర్టిఫికెట్, దాని కింద మీ గుర్తింపు కార్డు, ఆ కింద యూఐఎన్, సంఘం అధికార పత్రం, బీమా, టైప్ సర్టిఫికెట్, చివర ఆ రోజు స్క్రీన్‌షాట్ ప్రింటు లేదా ఫోన్. డ్రోన్ బాడీ మీద యూఐఎన్ నంబరు చెరగని రంగుతో పెద్దగా రాసి ఉంటే కాగితంతో పోల్చడం ఒక్క నిమిషం పని. సెక్షన్ 30 అమల్లో ఉందని అంటే, ఉత్తర్వు కాపీ చూపమని వినయంగా అడగండి. పోలీసు చట్టంలోని ఆ సెక్షన్ సభలకూ ఊరేగింపులకూ సంబంధించినది, దానంతట అదే డ్రోన్‌ను ఆపదు. తహసీల్దారో ఆర్డీవోనో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 163 కింద ఇచ్చిన నిషేధ ఉత్తర్వులో డ్రోన్ల మాట ఉంటే మాత్రం అది కట్టుబడి తీరాల్సిన ఆజ్ఞ. దాన్ని ధిక్కరిస్తే భారతీయ న్యాయ సంహిత 223 కింద కేసు అవుతుంది. ఉత్తర్వు చూపినా చూపకపోయినా ఆ పూట ఆపమంటే ఆపేయండి. గట్టు మీద వాదనలో గెలిచి లాభం లేదు. తర్వాత రాతపూర్వకంగా అడగవచ్చు.

జరిమానా అని అక్కడికక్కడ డబ్బు అడిగితే ఇవ్వకండి. డ్రోన్ నియమాల ఉల్లంఘనకు లక్ష రూపాయల వరకు జరిమానా ఉంది నిజమే. కానీ అది డీజీసీఏ డైరెక్టర్ జనరల్ గానీ, అందుకు అధికారమిచ్చిన అధికారి గానీ మీ వాదన విన్నాక రాతపూర్వకంగా వేసేది.

డ్రోన్ పట్టుకెళ్తామంటే అప్పుడు మీరు అడిగి తీసుకోవాల్సిన కాగితం పంచనామా. నేరం జరిగిందన్న అనుమానం ఉన్నప్పుడు వస్తువును స్వాధీనం చేసుకునే అధికారం పోలీసులకు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 106 ఇస్తుంది. అదే సెక్షన్ ఆ సంగతి వెంటనే మేజిస్ట్రేటుకు తెలపాలని కూడా చెబుతుంది. 105 ప్రకారం స్వాధీనాన్ని వీడియో తీయాలి. అడ్డుపడకండి, చేతులు వేయకండి. 'సార్, పంచనామా రాసి నాకో కాపీ ఇప్పించండి' అన్న ఒక్క మాట మీద నిలబడండి. అందులో డ్రోన్ సీరియల్, యూఐఎన్, రిమోట్ సీరియల్, బ్యాటరీలు ఎన్ని, ఛార్జరు, ట్యాంకు స్థితి అన్నీ రాయించండి. మొన్న మీకు ఏమీ రాయకుండా తీసుకెళ్లి ఏమీ రాయకుండా ఇచ్చేశారు. ఆ మధ్యలో ఒక బ్యాటరీ పోయి ఉంటే మీరు ఎవరిని అడిగేవారు?

ఈ చోట రెండు సంగతులు చాలామంది పట్టించుకోరు. ఒకటి ట్యాంకు. మిగిలిన మందుతోనే స్టేషన్‌కు వెళ్తే అది మనుషుల మధ్య విషం, మీ పంపుకూ నాజిల్‌కూ చేటు. అక్కడే అధికారి ఎదుట మందును మీ డబ్బాలోకి వంపి, మూడుసార్లు మంచి నీళ్లతో కడిగి, ఆ కడిగిన నీళ్లను చేలోనే పోసి, బోదెలోకి కాదు, 'ఖాళీ ట్యాంకు' అని పంచనామాలో రాయించండి. మందును కూడా సాక్ష్యంగా తీసుకుంటామంటే సీలు వేసిన సీసాలో ఇవ్వండి.

రెండోది బ్యాటరీ. 6 సెల్లుల లిథియం పాలిమర్ బ్యాటరీ నిండా ఛార్జ్ అయితే 25.2 వోల్టులు. ఆ స్థితిలో వేడి గదిలో వారాల తరబడి పడి ఉంటే ఉబ్బుతుంది, అంటుకునే ప్రమాదమూ ఉంది. నిల్వకు సరైనది సెల్లుకు 3.8 వోల్టుల చుట్టూ, అంటే మొత్తం 23 వోల్టుల దగ్గర. ఈ మాట ఎస్సై గారికి అర్థమయ్యేలా చెప్పండి. 106లోనే ఒక దారి ఉంది. స్టేషన్‌లో భద్రంగా ఉంచడం కష్టమైన వస్తువును, కోర్టు అడిగినప్పుడు హాజరుపరుస్తానని బాండు రాయించుకుని ఎవరి కస్టడీకైనా ఇవ్వవచ్చు. బ్యాటరీల వరకైనా అలా ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి. కాదంటే కనీసం కాగితాల బీరువా పక్కన కాకుండా, సిమెంటు నేల మీద, ఒకదానికొకటి తగలకుండా, కనెక్టర్లకు టేపు వేసి పెట్టమనండి.

మర్నాడే వకీలును కలిసి, ఆ స్టేషన్ ఏ మేజిస్ట్రేటు పరిధిలో ఉందో ఆ కోర్టులో అదే సంహిత 503 కింద, డ్రోన్‌ను తాత్కాలికంగా తిరిగి ఇప్పించమని కస్టడీ దరఖాస్తు వేయండి. డ్రోన్ సంఘానిది కాబట్టి దరఖాస్తుదారు సంఘమే కావాలి, మీరు కాదు. అధ్యక్షురాలి పేరుతో తీర్మానం నకలు, బిల్లు, యూఐఎన్, బీమా, పంచనామా జతచేయాలి. స్టేషన్లలో వస్తువులు ఎక్కువ కాలం మగ్గనివ్వకూడదని, పదిహేను రోజుల నుంచి నెలకు మించి ఉంచకూడదని 2002లో సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, వకీలుకు ఆ తీర్పు గుర్తుచేయండి. మందు కొట్టాల్సిన అదను పదిహేను రోజులే అన్న సంగతి దరఖాస్తులో రాయించండి. వకీలు ఖర్చు భారమైతే ఉచిత న్యాయ సహాయానికి 15100కు ఫోన్ చేయవచ్చు. ఆడవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆ సహాయానికి అర్హత ఉంది. మీకు అదే సంహిత 35(3) కింద విచారణకు రమ్మని నోటీసు ఇస్తే, చెప్పిన రోజు చెప్పిన వేళకు వెళ్లండి. ఆ హాజరు తప్పితే అరెస్టుకు దారి పడుతుంది.

ఇప్పుడు మీరు చేయాల్సింది. డ్రోన్ ఇంటికొచ్చింది కదా అని ఎగరేయకండి. జీపులో కుదుపులకు డ్రోన్ చేతుల మడత క్లిప్పులు, జీపీఎస్ స్తంభం వదులవుతాయి. అన్నీ బిగించి, దిక్సూచి కాలిబ్రేషన్ చేసి, ప్రతి బ్యాటరీలో సెల్లుల మధ్య తేడా 0.1 వోల్టు దాటిందా చూడండి. దాటినదాన్ని పక్కన పెట్టండి. ట్యాంకులో ఉత్త నీళ్లతో ఒక విడత ఎగరేసి, బాగుంటేనే మందు కలపండి.

ఆ తర్వాత ఆ స్టేషన్‌కు ఒక ఉత్తరం ఇవ్వండి. చట్టం అడగదు, అయినా ఇవ్వండి. ఇలా రాయవచ్చు:

'ఎస్సై గారికి. నేను ఫలానా గ్రామవాసిని. ఈ సార్వాలో మీ స్టేషన్ పరిధిలోని ఫలానా గ్రామాల్లో రైతులు కోరిన మీదట వరి చేలకు డ్రోన్‌తో మందు పిచికారీ చేస్తాను. డ్రోన్ ఫలానా సంఘానిది, యూఐఎన్ ఫలానా, నా రిమోట్ పైలట్ సర్టిఫికెట్ నంబరు ఫలానా. పైరు మీద మూడు మీటర్ల ఎత్తు దాటను. పత్రాల నకళ్లు జతచేశాను. నా ఫోన్ నంబరు ఫలానా. మీ సమాచారం నిమిత్తం తెలియజేస్తున్నాను.'

చివరి వాక్యంలో 'అనుమతి కోరుతున్నాను' అని రాయకండి. అక్కర్లేని అనుమతి అడిగితే, అది రానంత కాలం మీరే అడిగి రాకుండానే ఎగరేసినట్టు అవుతుంది. రెండో కాపీ మీద స్టేషన్ ముద్ర, తేదీ వేయించుకోండి. ప్రతి స్టేషన్‌కూ విడిగా, దాళ్వాకు మళ్లీ కొత్తగా ఇవ్వండి. ఎస్సైలు బదిలీ అవుతుంటారు. డ్రోన్ కరెంటు తీగకు తగిలో, మనిషి మీద పడో ప్రమాదం జరిగితే 48 గంటల్లో ఆన్‌లైన్‌లో నివేదించాలి, అది పోలీసులకు చెప్పడంతో తీరిపోదు.

మీ బావమరిది సంగతి వేరు, ఇంకా ఇరుకైనది. 2 కిలోల లోపు డ్రోన్‌ను సరదాకు ఎగరేస్తే పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. కానీ డబ్బు తీసుకుని పెళ్లి వీడియో తీయడం సరదా కాదు. డబ్బు తీసుకున్నా ఆ సర్టిఫికెట్ అక్కర్లేనిది నానోకే, అంటే 250 గ్రాముల లోపు దానికే. 249 గ్రాముల డ్రోన్‌కు పెద్ద బ్యాటరీ, రెక్కల కవచం తగిలిస్తే ఆ హద్దు దాటిపోతుంది, కాబట్టి ఎగిరేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే తూకం వేసి చూడమనండి. అసలు చిక్కు ఇంకోటి. విదేశీ డ్రోన్ల దిగుమతిని 2022 ఫిబ్రవరి 9న నిషేధించారు. ఆ తర్వాత బిల్లు లేకుండా చేతులు మారి వచ్చిన డ్రోన్ 250 గ్రాములు దాటినదైతే, దానికి టైప్ సర్టిఫికెట్ లేదు కాబట్టి యూఐఎన్ రాదు. అది పట్టుబడితే కోర్టులో తిరిగి అడగడానికి చూపే కాగితమే ఉండదు. తక్కువకు వస్తోందని అలాంటిది కొనవద్దని గట్టిగా చెప్పండి.

కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం, అంతర్వేది కల్యాణం, 2027లో గోదావరి పుష్కరాలు వంటి చోట్ల జనం మీద ఎగరేయడానికి ఎవరైనా బయానా ఇస్తానంటే, ముందు ఎస్పీ కార్యాలయంలో ఆంక్షల ఉత్తర్వు ఉందేమో అడిగి, ఆ పొద్దున మళ్లీ మ్యాప్ చూసుకుని గానీ ఒప్పుకోవద్దనండి. తాత్కాలిక రెడ్ జోన్ నానో డ్రోన్‌కూ వర్తిస్తుంది.